ఆయిల్ మార్చాక రెండోసారి చూడాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో యంత్రాల అద్దె కేంద్రం ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

మీ చేతుల్లో ఉన్న నివేదికలో మా అద్దె కేంద్రం జమాఖర్చుల పట్టిక ఉంది. అందులో ‘మరమ్మతులు’ అనే పద్దు కింద 1,850 రూపాయలు కనిపిస్తాయి. మొత్తం లెక్కలో అది పెద్ద సొమ్మేం కాదు. ఎవరూ అడగరు కూడా. కానీ ఆ పద్దు వెనకున్న సంగతి మేమే చెప్పాలని తీర్మానం చేసుకుని వచ్చాం. లాభం వచ్చిన సంగతి అందరూ చెప్తారు. తప్పు ఎక్కడ జరిగిందో చెప్తేనే పక్క ఊరి సంఘం ఆ తప్పు చెయ్యకుండా ఉంటుంది.

సంగతి చిన్నది. ఇంటి దగ్గర ఇంజన్ ఆయిలు మార్చుకున్నాక, ఆయిలు సరిగ్గా ఉందో లేదో ఎలా చూసుకోవాలి అన్నది. ‘దీనికి మహాసభ కావాలా’ అని నవ్వుకోవద్దు. మాకు ఇది తెలియక మూడు రోజుల పని పోయింది. ఒక చెల్లెలు రెండు వారాలు సంఘం గడప తొక్కలేదు.

మా దగ్గర పెట్రోలుతో నడిచే కలుపు యంత్రం ఉంది. అందరం వీడరు అంటాం. పత్తి, మిరప సాళ్ల మధ్య తోలతాం. సంఘం అప్పుతో కొన్నాం. దాన్ని తోలడానికి మాలో ముగ్గురం నేర్చుకున్నాం. కొన్న కొత్తలో మొదటి 20 గంటలకు ఒకసారి ఆయిలు మార్చాలని బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంది. ఆ మొదటిసారి టౌనుకి తీసుకెళ్లి మెకానిక్ అన్న చేత మార్పించాం. ఆ తర్వాత ప్రతి 100 గంటలకు, లేకపోతే ఆరు నెలలకు, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. రోజుకి 5 గంటలు తోలితే 20 రోజులకే 100 గంటలు నిండుతాయి. సీజన్లో ప్రతిసారీ ట్రాలీ ఆటో మాట్లాడుకుని టౌనుకి పోవాలంటే ఆటో కిరాయి, ఆ రోజు పని, రెండూ నష్టమే. అందుకని ‘మనమే మార్చుకుందాం, అన్న చేస్తుంటే చూశాం కదా’ అనుకున్నాం. ఆ నిర్ణయంలో తప్పు లేదని ఇప్పటికీ మా అభిప్రాయం.

ఆ రోజు సాయంత్రం వేపచెట్టు కింద బండి పెట్టాం. యంత్రం తోలే చెల్లెలు పానా పట్టుకుని కింది బోల్టు విప్పింది. నల్లటి పాత ఆయిలు తట్టలోకి దిగింది. బోల్టు బిగించి కొత్త ఆయిలు పోయడం మొదలుపెట్టింది. మేం నలుగురం చుట్టూ ఉన్నాం. మూతకు అతుక్కుని ఒక పుల్ల ఉంటుంది కదా, డిప్‌స్టిక్కు, మేం గేజు పుల్ల అంటాం. అది ముంచి తీస్తే కొసకి కూడా సరిగ్గా అంటలేదు. ఇంకొంచెం పోసింది. మళ్లీ తక్కువే. ‘పొయ్యవే, డబ్బా అంతా ఇంజనుకే కదా కొన్నాం’ అన్నది మాలో ఒకరం. ఎవరమో చెప్పం, ఎందుకంటే ఆ మాటకి అందరం తలూపాం. లీటరు డబ్బా ఖాళీ అయింది. అప్పటికి పుల్ల మీద ఆయిలు కనబడింది. మూత బిగించి, చేతులు కడుక్కుని ఇళ్లకి పోయాం.

తెల్లవారి బండి మా సంఘంలోనే ఉన్న ఒక పెద్దక్క పత్తి చేలోకి పోవాలి. భర్త పోయాక ఆ అక్క మూడెకరాలు కౌలుకి చేస్తోంది. వానలు పడి కలుపు మోకాళ్ల దాకా వచ్చింది. రెండు రోజులు తెరిపిచ్చింది కాబట్టి ఆ రోజే తోలాలి. రెండు సాళ్లు పోయేసరికి బండి నుంచి పొగ. మామూలు పొగ కాదు, తడి పుల్లలు పొయ్యిలో పెట్టినట్టు తెల్లగా, నీలంగా. మూడో సాలు మధ్యలో దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. ఎంత లాగినా తాడు బరువుగా వస్తోంది గానీ బండి అందుకోవడం లేదు.

మెకానిక్ అన్న వచ్చేసరికి సాయంత్రమైంది. ఆయన బండి మీద చెయ్యి వెయ్యకముందే ఒక పని చేశాడు. హ్యాండిల్ కింద రెండు ఇటుకలు పెట్టి ఇంజను మట్టంగా ఉండేట్టు చేశాడు. అప్పుడు మూత విప్పాడు. అక్కా, కుళాయి తిప్పినట్టు ఆయిలు బయటికి కారింది. మేం నోళ్లు తెరుచుకుని చూస్తుండిపోయాం.

అప్పుడు తెలిసింది. మా బండి ఇంజనుకి పట్టేది 0.6 లీటరు, అంటే 600 మిల్లీలీటర్లు. మేం పోసింది లీటరు. మరి పుల్ల తక్కువ ఎందుకు చూపించింది? వేపచెట్టు కింద బండిని హ్యాండిల్ మీదకి వాల్చి పెట్టాం. ఇంజను వెనక్కి ఒరిగి ఉంది. ఆయిలు అంతా వెనక పక్కకి చేరింది. మేం ముంచిన పుల్ల ముందు పక్క, ఎత్తులో ఉంది. చెంబు ఒంచి పట్టుకుంటే ఒక అంచున నీళ్లు పైకి, ఇంకో అంచున కిందకి ఉంటాయి కదా, అదే లెక్క. పుల్లది తప్పు కాదు. పుల్ల తన చోట ఉన్నదే చెప్పింది. బండి నిలబెట్టిన తీరే తప్పు.

ఎక్కువైన ఆయిలు ఏం చేస్తుంది అని అడిగాం. ఇంజను లోపల తిరిగే భాగాలు ఆయిలుని చిలుకుతాయి. నురగ వస్తుంది. నురగతో పని జరగదు, తిరిగే భాగాలకి ఆయిలు పొర సరిగ్గా అందదు. ఎక్కువైంది గాలి గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎక్కుతుంది, పైన మండే చోటికి చేరి పొగొస్తుంది, ప్లగ్గు తడిసి నిప్పు పుట్టదు. మాకు జరిగింది అదే. ఫిల్టర్ స్పాంజి ఆయిలు పీల్చి ముద్దయింది. ప్లగ్గు మార్చాం, స్పాంజి మార్చాం, మళ్లీ కొత్త ఆయిలు పోశాం, అన్న రానుపోను ఖర్చు, కూలి ఇచ్చాం. 1,850 రూపాయలు అయింది. ‘మొండికేసి ఇంకా నడిపి ఉంటే సీళ్లు పోయేవి, ఇంజను విప్పాల్సొచ్చేది, మంచిపని చేశారు ఆపి’ అన్నాడు.

కానీ మూడో రోజు వాన పట్టుకుంది. పెద్దక్క చేలో బండి దిగలేదు. ఆవిడ కూలీలని పెట్టి కలుపు తీయించుకుంది. కౌలు రైతుకి అది ఎంత భారమో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికే మాకు కష్టంగా ఉంది. ఊళ్లో ‘ఆడోళ్లకి పానాలెందుకు’ అని నవ్వారు. అది మాకు అలవాటే. మాకు బాధ కలిగించింది బయటివాళ్ల మాట కాదు. ఆయిలు పోసిన చెల్లెలు నా పొదుపులోంచి పట్టుకోండి అని కబురు పంపి సమావేశాలకి రావడం మానేసింది. రెండు వారాలు ఆమె సంతకం గడి ఖాళీగా ఉంది. మాలో కొందరం మనసులో ‘పోనీలే, పట్టుకుందాం’ అనుకున్నాం కూడా. దాచుకోవడం ఎందుకు?

అప్పుడు మాట తెచ్చింది ఎవరో తెలుసా? పని పోగొట్టుకున్న పెద్దక్కే. ‘పోసింది ఒకతి. చుట్టూ నిలబడింది నలుగురు. ఇంజనుకి ఎంత పడుతుందో పుస్తకం తీసి చూసింది ఒక్కరూ లేరు. మన సమావేశంలో డబ్బు ఒకరు లెక్కపెడితే ఇంకొకరు మళ్లీ లెక్కపెట్టందే పెట్టెలో వెయ్యం కదా. ఇంజను విషయంలో రెండోసారి ఎవరు లెక్కపెట్టారు?’ అని అడిగింది. మాకు సమాధానం లేదు. ఆ రోజే తీర్మానం రాశాం. ఖర్చు కేంద్రానిదే, ఎవరి పొదుపులోంచీ పట్టేది లేదు. పెద్దక్క చేను తోలడానికి వచ్చే ఏడు మొదటి వంతు, అద్దె లేకుండా. చెల్లెలి ఇంటికి అందరం కలిసి వెళ్లి పిలుచుకొచ్చాం. ఆమె వచ్చి మెకానిక్ అన్న దగ్గర రెండు పూటలు కూర్చుని నేర్చుకుని, మాకు నేర్పింది. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆమె నేర్పిన పాఠమే.

మొదటి మాట, పుస్తకం. బండితో ఇచ్చిన పుస్తకంలో రెండు విషయాలు వెతకాలి. ఇంజనుకి ఎంత ఆయిలు పడుతుంది, ఏ రకం ఆయిలు. ఇంగ్లీషులో ఉందని మూల పడెయ్యొద్దు. చదువుకునే పిల్లల చేత చదివించి, ఆ రెండూ తెలుగులో రాసి బండి ఉండే షెడ్డు గోడకి అంటించండి. మా గోడ మీద ‘600 మి.లీ. మాత్రమే’ అని ఎర్ర రంగుతో ఉంది. డబ్బా మీద లీటరు అని ఉండడం కంపెనీవాళ్ల అమ్మకం లెక్క. అది మన ఇంజను లెక్క కాదు. ఇంకో సంగతి, వీడరుకి గేరుపెట్టె ఆయిలు వేరు, ఇంజను ఆయిలు వేరు. రెండిటికీ వేర్వేరు మూతలు. దాని మూత మీద రంగు చుక్క పెట్టుకుంటే పొరపాటు జరగదు.

రెండో మాట, పాత ఆయిలు దించడం. ఇంజనుని రెండు మూడు నిమిషాలు నడిపి ఆపాలి. గోరువెచ్చని ఆయిలు పలచబడి మడ్డితో సహా దిగుతుంది. మరీ కాలిపోతుంటే చేతులు బొబ్బలెక్కుతాయి, కాస్త ఆరనివ్వండి. పని మొదలుపెట్టే ముందు ప్లగ్గు వైరు పీకి పక్కన పెట్టండి. మూత విప్పే ముందు చుట్టూ ఉన్న దుమ్ము గుడ్డతో తుడవండి. చేలో దుమ్ము ఇంజనులో పడితే ఇసక పోసి రుబ్బినట్టే. చుక్కలు ఆగేదాకా దించి, బోల్టుకి ఉన్న వాషరు చూసి బిగించండి. వాషరు అరిగి ఉంటే కొత్తది వెయ్యండి.

మూడో మాట, మట్టం. ఇది మరిచిపోతే మిగతాదంతా వృథా. ఇంజను ఏ పక్కకీ ఒరగకూడదు. కంటికి మట్టంగా అనిపించినా నమ్మొద్దు. ఒక చిన్న నీళ్ల సీసాలో సగం నీళ్లు పోసి, మూత బిగించి, ఇంజను కింది చట్రం మీద పడుకోబెట్టండి. సీసా పొడుగునా నీళ్లు సమంగా ఉంటే మట్టం వచ్చినట్టు. పొడుగు వైపు ఒకసారి, అడ్డం ఒకసారి చూడండి. తేడా ఉంటే హ్యాండిల్ కింద ఇటుకో చెక్కో పెట్టండి. తాపీమేస్త్రీ మట్టపలక లేకపోయినా ఈ సీసా చాలు.

నాలుగో మాట, పోయడం. పట్టేది 600 అయితే మొదట 450 పొయ్యండి. ఎందుకంటే పాత ఆయిలు ఎంత దించినా కొంత లోపల మిగులుతుంది. పుస్తకంలోని అంకె మొత్తం ఒకేసారి పోస్తే దానికి ఆ మిగిలింది కలుస్తుంది. కొన్ని డబ్బాలకి పక్కన సన్నని గీతలో మిల్లీలీటర్ల అంకెలు ఉంటాయి. లేకపోతే కొలత గ్లాసు ఒకటి విడిగా కొనుక్కోండి. పురుగుమందు కొలిచే గ్లాసు వాడొద్దు, వంటింటి గ్లాసు అసలే వద్దు. పోశాక ఐదు నిమిషాలు ఆగండి. ఆయిలు నీళ్లలాంటిది కాదు, తేనెలా మెల్లగా జారుతుంది. కిందకి చేరకముందే చూస్తే తక్కువ కనిపిస్తుంది, మళ్లీ పోస్తాం.

ఐదో మాట, పుల్ల చూడడం. పుల్ల తీసి, పోగులు రాలని పాత నూలుగుడ్డతో శుభ్రంగా తుడవాలి. తుడవకుండా చూస్తే కనబడేది పాత తడి. తుడిచాక మళ్లీ పెట్టి తీసి చూడాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మా బండికి పుల్లని మర తిప్పకుండా, మెడ మీద ఊరికే ఆనించి చూడాలి. మర బిగించి చూస్తే పుల్ల ఇంకా కిందకి దిగుతుంది, ఎక్కువ తడుస్తుంది. ఆయిలు తక్కువున్నా నిండుగా ఉందని చెప్తుంది. ఇంకొన్ని బండ్లకి మర బిగించే చూడాలి. వాటిని ఊరికే ఆనించి చూస్తే తక్కువ చూపిస్తుంది, మనం ఎక్కువ పోస్తాం. మీ బండికి ఏదో పుస్తకంలో చూసి, ‘మర తిప్పాలి’ అనో ‘తిప్పరాదు’ అనో గోడ మీద రాయండి.

కొత్త ఆయిలు తేటగా ఉంటుంది, పుల్ల మీద సరిగ్గా కనబడదు. వెలుతురులోకి తిప్పి చూడండి. అయినా తెలియకపోతే పుల్లని తెల్ల కాగితం మీద అద్దండి, తడి ఎక్కడిదాకా ఉందో అచ్చు పడుతుంది. ఒక్కోసారి పుల్లకి ఒక పక్క పైదాకా, ఇంకో పక్క కిందే తడి ఉంటుంది. పోసేటప్పుడు మెడకి అంటిన ఆయిలు రాసుకోవడం వల్ల అట్లా వస్తుంది. పైపక్కని నమ్మొద్దు. తుడిచి మళ్లీ చూడండి. పై గీతకి, కింది గీతకి మధ్య ఉంటే ఇంజను బతుకుతుంది. పై గీత దగ్గరికి రావాలంటే కొంచెం కొంచెంగా పోస్తూ, ఆగుతూ, చూస్తూ పోవాలి. పై గీత దాటకూడదు. తక్కువైతే పొయ్యడం నిమిషం పని. ఎక్కువైతే తియ్యడం తిప్పలు.

ఆరో మాట. ఈ ప్రసంగం అంతా దీని కోసమే. ఇప్పుడు చూసింది మొదటి చూపు మాత్రమే. దానితో పని అయిపోలేదు. మూత బిగించండి, ప్లగ్గు వైరు పెట్టండి. బండిని ఆరుబయట, పళ్లు తిరగకుండా రెండు నిమిషాలు నెమ్మదిగా నడపండి. షెడ్డు తలుపులు మూసి నడపొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. కొంగు, చున్నీ నడుముకి బిగించుకోండి. నడుస్తుండగా కింది బోల్టు దగ్గర చుక్క కారుతోందేమో వంగి చూడండి. ఆపండి. పది నిమిషాలు ఆగండి. మళ్లీ సీసా పెట్టి మట్టం చూసి, పుల్ల తుడిచి, చూడండి. ఇది రెండో చూపు. అసలు లెక్క ఇదే.

ఎందుకు రెండోసారి? నడిచినప్పుడు ఆయిలు లోపలి మూలమూలకీ అంటుకుంటుంది, కొంత తగ్గుతుంది. మా వీడరుకి ఆయిల్ ఫిల్టర్ లేదు కాబట్టి తగ్గేది కొంచెమే. కానీ ట్రాక్టర్లకి, కార్లకి, చాలా సరుకుల ఆటోలకి ఫిల్టర్ ఉంటుంది. ఆయిలుతో పాటు ఫిల్టర్ కూడా మారిస్తే, ఆ కొత్త ఫిల్టర్ ఖాళీ కుండ. ఇంజను తిరిగాక గానీ అది నిండదు. మొదటి చూపులో నిండుగా ఉన్నది, నడిపి ఆపి చూస్తే దిగిపోయి ఉంటుంది. ట్రాక్టరు నడిపే సంఘాలు ఈ ముక్క ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి. మర్నాడు పొద్దున, బండి కదపకముందు ఇంకోసారి చూస్తే ఇంకా మంచిది. రాత్రంతా నిలబడిన బండిలో ఆయిలంతా కిందకి చేరి ఉంటుంది.

స్కూటీలు నడిపే చెల్లెళ్లు ఒక మాట వినండి. బండిని పక్క స్టాండు మీద ఒరగబెట్టి పుల్ల చూడొద్దు, సెంటర్ స్టాండు వెయ్యండి. ఇక ఆటోలకి, కార్లకి ఆయిలు బొమ్మతో ఎర్ర దీపం ఉంటుంది. అది చెప్పేది లోపల ఆయిలు ఒత్తిడి పడిపోయిందని. అది వెలిగేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం కావచ్చు. వెలిగితే మాత్రం అక్కడే బండి ఆపండి, ఊరు దగ్గరే కదా అని తోలొద్దు.

పొయ్యకుండానే ఆయిలు పెరిగినట్టు కనిపిస్తే సంతోషపడొద్దు. పుల్ల వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే పెట్రోలు లోపలికి దిగుతోందని. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయని. రెండిట్లో ఏదైనా బండి నడపకుండా మెకానిక్‌కి చూపించాలి. ఎక్కువ పోసేశాం అని తెలిస్తే ‘నడిస్తే అదే తగ్గుతుందిలే’ అనుకోవద్దు. కింది బోల్టు కాస్త వదులు చేసి దించండి, లేకపోతే పెద్ద సిరంజికి సన్నని గొట్టం తొడిగి మూత దగ్గర్నుంచి లాగండి.

దించిన పాత ఆయిలుని చెరువు గట్టునో, కాలవలోనో, పెంటకుప్ప మీదో పొయ్యొద్దు. మూత ఉన్న పాత డబ్బాలో పోసి, డబ్బా మీద పేరు రాసి, పాత ఆయిలు సేకరించేవాళ్లకి ఇచ్చే మెకానిక్ షెడ్డులో ఇవ్వండి. చేతులకి అంటితే సబ్బుతో కడగండి. పదే పదే చర్మానికి తగలడం మంచిది కాదు. పిల్లలకి అందకుండా పెట్టండి.

చివరగా, ఇది పనికొచ్చిందా అని మీరు అడగొచ్చు. మొన్న మళ్లీ ఆయిలు మార్చాం. ఆ చెల్లెలే పానా పట్టింది. మట్టం చూసింది, కొలిచి పోసింది, మొదటి చూపులో ఆయిలు పై గీత దగ్గర నిలిచింది. మాకు చేలో తొందర. ‘బాగుంది కదా, పోదాం పద’ అన్నాం. ఆమె కదల్లేదు. రెండు నిమిషాలు నడిపింది, ఆపింది, పది నిమిషాలు ఇటుక మీద కూర్చుంది. రెండో చూపులో ఆయిలు కింది గీతకి వచ్చేసింది. వంగి చూస్తే బోల్టు కింద ఇటుక తడిసి ఉంది. పాత వాషరే మళ్లీ వేశాం. అది అరిగిపోయింది. ఆ పూట అట్లాగే చేలోకి తోలుకుపోయి ఉంటే కారుతూ కారుతూ సాలు మధ్యలో ఇంజను పట్టేసేది. ఆయిలు లేక పట్టేసిన ఇంజనుకి 1,850 రూపాయలు చాలవు. కొత్త వాషరు వేసి, మళ్లీ పోసి, మళ్లీ రెండు చూపులూ చూసి, పని మీద పోయాం. గంట ఆలస్యమైంది.

ఇప్పుడు మా కేంద్రంలో యంత్రాల పుస్తకం ఒకటి పెట్టాం. ప్రతిసారీ అందులో రాస్తాం: తేదీ, అప్పటిదాకా తోలిన గంటలు, ఎంత ఆయిలు పోశాం, మొదటి చూపు ఎక్కడ, రెండో చూపు ఎక్కడ, చూసినవారి సంతకం, పక్కన నిలబడినవారి సంతకం. రెండు సంతకాలు లేకపోతే బండి షెడ్డు దాటదు. సంతకం పెట్టలేని అక్క వేలిముద్ర వేస్తుంది, కానీ పుల్ల మాత్రం తనే తీసి చూస్తుంది. పక్కన ఇంకొకరు ఉండడం అనుమానంతో కాదు. ఇంకోసారి ఏదైనా తప్పు జరిగితే ఒక్క మనిషి మీద పడకుండా ఉండడానికి.

మండల సమాఖ్యకి మా విన్నపం ఒకటే. యంత్రాలు కొన్న ప్రతి సంఘానికీ ఇట్లాంటి పుస్తకం ఒకటి ఇప్పించండి. పొదుపు పుస్తకం, అప్పుల పుస్తకం, తీర్మానాల పుస్తకం పక్కన ఇది కూడా ఉండాలి. అప్పు తెచ్చి కొన్న ఇంజను కూడా మన పొదుపే కదా. నేర్చుకుంటాం అన్న సంఘం వాళ్లు కబురు పెడితే మా చెల్లెలు వచ్చి నేర్పుతుంది. వచ్చేటప్పుడు సగం నీళ్ల సీసా తనే తెచ్చుకుంటుంది. ఇటుకలు, పాత నూలుగుడ్డ మాత్రం మీరు సిద్ధం చేసి ఉంచండి.